ఆరింటి కార్డు

మా లాండ్రీలో వదినని అందరూ ‘అలారం’ అంటారు. ఉదయం ఆరింటి షిఫ్టుకి ఇరవై నిమిషాల ముందే వచ్చేసి, మేం కళ్లు నులుముకుంటూ గేటు దాటేసరికి రోలర్ మిషన్‌ని వేడెక్కించి ఉంచేది. ఆస్పత్రుల నుంచి వచ్చే దుప్పట్లని ఇస్త్రీ చేసే మిషన్ అది. చల్లగా ఉంటే దుప్పటి తడితడిగానే బయటికొస్తుంది. అందుకే ముందు వేడి చేసి, మైనం పట్టించిన గుడ్డతో రోలర్లని తుడవాలి. ఇది ఎవరి డ్యూటీ అంటే ఎవరిదీ కాదు. అడిగితే వదిన, “ఎవరో ఒకరు చెయ్యాలిగా చిట్టీ” అనేది. చిట్టీ అంటే నేనే, ఆవిడ ఆడపడుచుని. ముప్పై ఆరేళ్లొచ్చినా నాకా పేరు వదల్లేదు.

ఈ మంచితనాన్ని మా సూపర్‌వైజర్ చక్కగా వాడుకున్నాడు. “ముందొస్తే రా అమ్మా, కార్డు మాత్రం ఆరింటికే కొట్టు. లేకపోతే ఆ ఇరవై నిమిషాల జీతానికీ పైవాళ్లకి నేను సమాధానం చెప్పుకోవాలి” అన్నాడు. ఆరింటికి వదిన మిషన్ దగ్గర ఉంటుంది, కార్డు కొట్టే గడియారమేమో గేటు దగ్గర. వేడి మిషన్‌ని వదిలి ఎలా వస్తుంది? అందుకని లోపలికొస్తూ నా కార్డుతో పాటు ఆవిడదీ నేనే కొట్టేదాన్ని. నాలుగేళ్లు కొట్టాను. గడియారం పైన బోర్డుంది: ఒకరి కార్డు ఇంకొకరు కొడితే ఇద్దరి ఉద్యోగమూ పోతుందని. రోజూ దాని కిందే నిలబడి కొట్టాను, ఏం తెలివో నాది!

ఆ రోజు నేను గేటు దగ్గరికి వచ్చేసరికి మా దుప్పట్ల వ్యాను బయటికి పోతోంది. వెనక వదిన కూర్చుని ఉంది. కుడిచేతికంతా దుప్పటి చుట్టారు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. మైనం గుడ్డ రోలర్లో ఇరుక్కుని, దాంతో పాటు చేతినీ లాగేసిందట. “వదినా!” అని పరిగెత్తాను. వ్యాను ఆగలేదు. ఆరింటిదాకా గేటు దగ్గరే నిలబడిపోయాను, తర్వాత ఏం చేశానో ఆ క్షణాన నాకే తెలీదు. మనసు వ్యాను వెంట పోయింది, చేతులు మాత్రం రోజూ చేసే పనే చేశాయి. నా కార్డు కొట్టాయి, ఆవిడదీ కొట్టాయి.

మొదటి ఆపరేషన్ వెంటనే చేశారు. వేళ్లని కదిలించే నరాలు కలపడానికి ఆరు వారాల్లోగా రెండోది చెయ్యాలన్నారు. చెయ్యకపోతే కుడిచేతి వేళ్లు ఇక ముడుచుకోవు. ఆ ఖర్చు మా ఇంటిల్లిపాదీ పస్తులుండి దాచినా తీరేది కాదు. పని చేస్తుండగా జరిగింది కాబట్టి లాండ్రీ తరఫు బీమా కంపెనీ ఇస్తుందనుకున్నాం. రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. అన్నయ్య పైకి చదివాడు. ‘ఆస్పత్రిలో చేరింది ఐదూ యాభై ఆరుకి. కార్డు మీద ఆరు అని ఉంది. ఆస్పత్రిలో ఉన్న మనిషి కార్డు ఎలా కొట్టింది? ఏదో ఒక కాగితం అబద్ధం. ఆస్పత్రి చీటీయే నిజమైతే, అది పనివేళ కాదు. ఖర్చు ఇవ్వబడదు.’

నా పైప్రాణాలు పైనే పోయాయి. వదిన ఎడంచేత్తో నీళ్లు తాగుతూ, “గడియారం పాడైందేమోలే” అంది. నేను తలూపాను. చూడండి నా ధైర్యం!

అప్పీలు చేశాం. విచారణ మూడు వారాల తర్వాత. ఆ మూడు వారాలూ నాకు ఒకటే ఆలోచన. చెబితే ఇద్దరి ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే ఆ చెయ్యి పోతుంది. జడ వేసుకోలేక వదిన నా ముందు కూర్చునేది, దువ్వెన పట్టుకుంటే నా చెయ్యి వణికేది.

“ఏంటే, చలా?” అనేది.

“ఆఁ, చలే” అనేదాన్ని. బయట ఎండ మండిపోతుండేది.

విచారణ గదిలో ఒకటే ఫ్యాను, అదీ విచారణ చేసే అధికారిణి వైపే తిరిగి ఉంది. ఇటు వదిన, అటు బీమా కంపెనీ వకీలు, పక్కన లాండ్రీ రిజిస్టర్లు ఒళ్లో పెట్టుకుని సూపర్‌వైజర్. నేను వెనక కుర్చీలో.

“ఆ రోజు మీ కార్డు ఎవరు కొట్టారమ్మా?” అని అధికారిణి అడిగింది.

“గుర్తులేదండీ” అంది వదిన.

అధికారిణి ఆ మాట రాసుకోబోయింది. రాసేస్తే అంతే, వదిన చెయ్యి అక్కడితో సరి. నేను లేచాను.

“నేనే కొట్టానండీ. నాలుగేళ్లుగా నేనే కొడుతున్నాను.”

సూపర్‌వైజర్ నన్ను మింగేసేలా చూశాడు. ఆ చూపుకి ఇంకో రోజైతే చచ్చి ఊరుకునేదాన్ని. ఆ రోజు ఒళ్లు మండింది. “ఆయన ఒళ్లో ఉన్న రిజిస్టర్ తియ్యండమ్మా. ఏ రోజైనా చూడండి. మొదటి దుప్పటి ఆరూ రెండుకి బయటికొచ్చినట్టు ఆయనే సంతకం పెట్టాడు. మిషన్ వేడెక్కడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. మా వదిన ఆరింటికొస్తే ఆరూ రెండుకి దుప్పటి ఎలా వచ్చింది? ఈయన ఊదితే వేడెక్కిందా?”

అధికారిణి రిజిస్టర్ తీసుకుని చాలాసేపు పేజీలు తిప్పింది. తర్వాత వదిన వైపు చూసి, “ఈ అమ్మాయి కొట్టిందని మీకు తెలుసా?” అంది.

“ఉత్తరం వచ్చిన రోజే తెలిసిందండీ. రోజూ కొట్టేది తనేగా, ఇంకెవరు కొడతారు?”

“మరి అప్పీల్లో ఎందుకు రాయలేదు?”

“రాస్తే తన ఉద్యోగం పోతుంది కదండీ. నాకింకో చెయ్యి ఉందిగా” అంది వదిన.

నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. ప్రమాదం పనిలోనే జరిగింది, ఆపరేషన్ ఖర్చు బీమా కంపెనీయే భరించాలి అని. దానికి ముందురోజే లాండ్రీ నుంచి నాకు ఉద్యోగం తీసేస్తున్నామని కాగితం వచ్చింది. వదినకి ఇంకా రాలేదు. తలుపు చప్పుడైతే చాలు, అదేనేమోనని ముందు నేనే పరిగెత్తుతాను.

గడువు ఇంకా రెండు రోజులుండగా ఆపరేషన్ అయింది. కట్టు విప్పేదాకా ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. రోజూ జడ వేస్తూ, కట్టులోంచి బయటికి కనిపించే ఆ వేలి కొసల వంక చూస్తాను. ఇంతవరకూ కదల్లేదు.

“మూడు వారాలు నోరు కుట్టేసుకుని కూర్చున్నావు కదే! ఈ చెయ్యి బాగవనీ, ముందు నీ చెంప పగలగొడతా” అంది నిన్న వదిన.

“పగలగొట్టు వదినా” అన్నాను. “ఐదువేళ్లూ అచ్చుపడేలా కొట్టు.”