బటన్ నొక్కినవాడిదే మాట

పోయిన నెల నందిగామ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో, అద్దాల పెట్టె అడుగున గుట్టగా పడి ఉన్న చచ్చిన ఫోన్లలో ఒకదాన్ని గుర్తుపట్టి చేతిలోకి తీసుకున్నాను. దాని చుట్టూ ఉన్న నల్ల రబ్బరు ఏళ్ళ తరబడి కరిగి జిగటగా మారి వేళ్ళకి అంటుకుంది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే ఎండలో నిలబెట్టిన లారీ టైరు వాసన. "అది పనిచెయ్యదండి, పార్టులకి కూడా పనికిరాదు" అన్నాడు కొట్టతను. పనిచేసిన రోజుల్లో దానితో నేనేం చేశానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా నాన్నకి జగ్గయ్యపేటలో లారీ ఆఫీసు ఉండేది. ముందుగదిలో ఆఫీసు, వెనక ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే సున్నపురాయి లారీల నుంచి లేచే తెల్లటి పొడి మా అరుగు మీదా, అమ్మ ఆరబెట్టిన వడియాల మీదా, మా కనురెప్పల మీదా ఒకేలా పేరుకునేది. మిరపకాయల బస్తాలు దిగే రోజుల్లో ఆ పొడికి ఘాటు తోడై వీధి వీధంతా తుమ్మేది. దసరాకి లారీలన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాక డ్రైవర్లందరికీ మా అరుగు మీదే విస్తళ్ళు వేసి పులిహోరా బూరెలూ వడ్డించేవాళ్ళు. నందిగామలో ఉన్న రెండో ఆఫీసుని నాన్న తమ్ముడు, మా శేషు బాబాయి చూసేవాడు. బాబాయికి నత్తి. అది ఎలా ఉండేదో అక్షరాల్లో రాయను. చిన్నప్పుడు దాన్ని అనుకరించి నలుగురినీ నవ్వించింది చాలు.

నేను పదో తరగతిలో ఉండగా నాన్న అలాంటి ఫోన్లు మూడు కొన్నారు. ఒకటి ఆయన జేబులో, ఒకటి నందిగామలో, మూడోది మా వెనకగది బల్ల మీద. ఇటుకముక్కంత బరువు, నెత్తిన బొటనవేలంత యాంటెన్నా, మడిచే మూత మీద అగ్గిపెట్టెలో సగముండే తెర, దాని కింద జల్లెడలా చిల్లులున్న స్పీకరు, ఎడమ పక్కన గరుగ్గా ఉబికిన పెద్ద బటన్. నంబరు కొట్టే పనిలేదు. బటన్ నొక్కిపట్టుకుని మాట్లాడితే మిగతా రెండు ఫోన్లూ వీధిలోవాళ్ళకి కూడా వినపడేలా అరిచేవి. ఒకరు నొక్కి ఉంచినంతసేపు ఇంకొకరు మాట్లాడటానికి లేదు, నొక్కితే టుర్రుమని మొండి మోత వచ్చేది. అరనిమిషం దాటితే నొక్కినవాడి గొంతు కూడా తెగిపోయేది. నొక్కి, తిట్టి, వదిలేసే నాన్నకి అది కావాలని చేయించుకున్నట్టు కుదిరింది. బాబాయికి మాత్రం అది ఉరితాడు. ఆయన నొక్కేవాడు, ఊపిరి పీల్చేవాడు, మొదటి అక్షరంతో పెనుగులాడేవాడు, ఈలోగా అరనిమిషం అయిపోయేది. ఆ ఏడు దసరాకి ఫోన్లకి కూడా బొట్లు పెట్టారు. స్పీకరు చిల్లుల్లో ఇరుక్కున్న కుంకుమ నెలల తరబడి పోలేదు. అలాంటి వస్తువుకి దణ్ణం పెట్టాం.

ఎదురుగా కూర్చుంటే నాన్న బాబాయి మాట ఎంతసేపైనా ఓపిగ్గా వినేవారు, అది ఒప్పుకోవాలి. నేను బడి ఎగ్గొట్టి నందిగామలో మాట్నీకి వెళ్ళి బాబాయి కంటపడ్డప్పుడు ఆయన మా అరుగు మీదే కూర్చుని ఆ సంగతి చెప్పాడు. చాలాసేపు పట్టింది. నాన్న ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, మొత్తం విన్నాక లేచి బెల్టు తీశారు. వీపు మీద వాతలు మానాయి గాని బాబాయి మీద నా కసి మానలేదు.

చలికాలంలో ఒక ఆదివారం, నందిగామ నుంచి బయల్దేరిన మా లారీని గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. సరుకు కాగితాలు డ్రైవరు దగ్గర లేవు. నాన్న ముందుగదిలో, డ్రైవర్లూ హమాలీలూ చూస్తుండగా బటన్ నొక్కారు.

"ఒరేయ్ శేషూ, కాగితాలిచ్చావా లేదా? ఒక్క ముక్కలో చెప్పు."

వెనకగది ఫోన్లో నాకూ వినపడింది. తర్వాత బాబాయి ఊపిరి అరనిమిషం వినపడి తెగిపోయింది. ఆయన మళ్ళీ నొక్కేలోపు నేను నొక్కాను, మైకు చిల్లు మీద బొటనవేలు అదిమిపెట్టి. ఎవరు నొక్కారో మూత మీది తెరపై పేరు పడుతుంది. కళ్ళజోడు లేకుండా నాన్న దాన్ని ఏనాడూ చదవలేదు. బాబాయే నొక్కిపట్టుకుని పలకడం లేదనుకున్నారు.

"చిన్నయ్యగారు కాగితాలు మింగేశారేమోనండీ" అన్నాడొక డ్రైవరు. అందరూ నవ్వారు.

నేను వదిలాక నాన్న ఇంకోసారి అడిగారు. ఇంకోసారి నొక్కాను.

"ఇన్నిసార్లడిగినా పలకవా? అయితే తాళాలు గుమస్తాకిచ్చేసి ఇంట్లో కూర్చో. రేపట్నించి ఆఫీసు గడప తొక్కావంటే ఊరుకోను."

మర్నాడు కాగితాలు లారీ క్యాబిన్‌లోనే, సీటు కింద దొరికాయి. అమ్మ తటపటాయిస్తూ ఆ మాటెత్తితే నాన్న కసిరారు. "కాగితాలదేముందే? పదిమందిలో నేనడిగితే పలకలేదు వాడు!" బాబాయి మామూలు ఫోను చేస్తే పెట్టేశారు, వెతుక్కుంటూ వస్తే లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. నేను ఆ తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. నా నోరు బాగానే ఉంది, ఒక్క అక్షరం కూడా తడబడదు. అయినా ఏమీ అనలేదు. మొదట బెల్టు భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటు. మరుసటి దసరాకి బాబాయి రాలేదు. బూరెలు నేనెప్పట్లాగే తిన్నాను.

పోయిన నెల ఆ కొట్టు దిగి తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్ళాను. నందిగామ కోర్టు ఎదురుగా జిరాక్సు మిషను పెట్టుకుని బతుకుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన కాగితాలు తిప్పుతూనే ఉన్నాడు.

"తెలుసు. నా ఫోన్ మీద పేరు పడింది."

"మరి నాన్నకి ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"నా మొహం చూస్తేగా." మిషను ఆపి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పావా మీ నాన్నకి?"

"లేదు."

"మరి నాకెందుకురా చెప్తున్నావ్?"

ఆ మాట పూర్తవడానికి పట్టినంతసేపూ నిలబడి విన్నాను. ఆయన మళ్ళీ మిషను వైపు తిరిగాడు. కూర్చోమనలేదు.

జగ్గయ్యపేటలో దిగి మా పాత ఆఫీసు దాకా నడిచాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందుగది పోయింది, విస్తళ్ళు వేసిన అరుగు పోయింది. నాన్న పోయి నాలుగేళ్ళు. అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఆయన రోజూ రెండు పూటలా నా పక్కనే కూర్చుని అన్నం తిన్నారు.