ఆదివారం బడి మెట్ల మీద

మా లెక్కల సారు పోయారన్న కబురు వికారాబాద్ నుంచి పొద్దుటి బండిలో తాండూరు చేరింది. నేనప్పుడు మా బడిలో ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. సారు పక్కింటాయన వచ్చి కిటికీ దగ్గర నిలబడి, "సారు పోయిండమ్మా, నిన్న పొద్దుగూకంగ" అన్నాడు. బోర్డు మీది లెక్క పూర్తి చేశాకే ఏడ్చాను. లెక్క సగంలో వదిలి ఏడిస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఆయన వికారాబాద్ మిడిల్ స్కూల్లో పనిచేసేవారు. చురుకైన పిల్లలకు ఆదివారం క్లాసు ఈరోజు తాండూరు, పరిగి, మోమిన్‌పేట్ బడుల్లో కూడా నడుస్తున్నదంటే ఆయన పుణ్యమే. అయితే అది మొదలైంది ఒక పొరపాటుతో. నిజాం కాలంలో బడికి శుక్రవారం సెలవు. ఆ రాజ్యం పోయాక సెలవు ఆదివారానికి మారింది. ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక ఆదివారం సారు ఛత్రి పట్టుకుని బడికి వచ్చేశారు. తలుపుకు తాళం. మెట్ల మీద ఆయనలాగే మరచిపోయి వచ్చిన పిల్లలు ఐదుగురు. "వచ్చినం గదా, ఉత్తగ ఎందుకు పోవాలె?" అని వాళ్లను అక్కడే కూర్చోబెట్టి, పుస్తకంలో లేని లెక్కలు ఇచ్చారట. మరుసటి ఆదివారం ఆ ఐదుగురూ కావాలనే వచ్చారు. సారూ వచ్చారు. ఈ సంగతి మాకు చెప్పిన ప్రతిసారీ ముందు ఆయనే నవ్వేవారు.

కొన్నేళ్లకు చుట్టుపక్కల మిడిల్ స్కూళ్లన్నిట్లో ఈ క్లాసు పెట్టుకోవచ్చని అనుమతి వచ్చింది. పై అధికారి మార్కుల జాబితా చూసి పిల్లల్ని తీసుకోమన్నాడు. సారు వినలేదు. "మార్కులొచ్చినోడు ఎట్లయినా సదువుకుంటడు. నాకు అనుమానపడే పిల్లలు గావాలె" అన్నారు. బడి బడికీ పోయి బోర్డు మీద ఒక లెక్క వేసి, కావాలనే జవాబు తప్పు రాసేవారు. లేచి తప్పని చెప్పినవాళ్లకే క్లాసులో చోటు.

ఆయన తాండూరు వచ్చేనాటికి నేను ఏడో తరగతి. మాకు గొర్ల మంద ఉండేది. పరీక్షలు కాగానే నన్ను బడి మాన్పించి మంద వెంట పంపాలని మా నాయిన నిశ్చయించాడు. ఆదివారం క్లాసులో చోటు దొరికితే నాయిన మనసు మారుతుందని నా ఆశ. నాకున్న ఆశ అదొక్కటే.

ఒక మనిషి ఒక పూటలో ఇరవై గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తే, ఇద్దరు రెండు పూటల్లో ఎన్నిటికి కత్తిరిస్తారు? ఇదీ సారు వేసిన లెక్క. జవాబు నలభై అని రాసి కింద గీత గీశారు. నాయినా చిన్నాయినా కత్తెరలు పట్టడం చూస్తూ పెరిగినదాన్ని, ఎనభై అని నాకు తెలియదా? కానీ లేచి చెప్పలేకపోయాను. అంతమంది మగపిల్లల ముందు సారుది తప్పని ఎట్లా అనేది? ఎవరో నలుగురు లేచారు. సారు వాళ్ల పేర్లు రాసుకుని, సుద్దముక్కలు పెట్టుకునే పాన్‌డబ్బా జేబులో వేసుకుని స్టేషన్‌కు వెళ్లిపోయారు.

ఉండబట్టలేక వెనకాలే పరుగెత్తాను. సారు అప్పటికే ఒక కాలు బండిలో పెట్టారు.

"సార్, ఎనభై!"

"ఏంది బిడ్డా?"

"గొర్లు ఎనభై సార్. మీరు నలభై రాసిండ్రు."

సారు కాలు వెనక్కి తీశారు. బండి కదిలిపోయింది.

"మరి గప్పుడెందుకు చెప్పలే?"

"భయమైంది సార్."

"తప్పు నాదే బిడ్డా. భయపడేటోళ్లకు నేను జాగ పెట్టలే" అన్నారు.

నాయిన బడి మాన్పిస్తాడన్న సంగతి నేను చెప్పగానే, నన్ను వెంటబెట్టుకుని నేరుగా మా మంద దగ్గరికే నడిచారు. "వారంల ఆదివారం ఒక్కటి నాకియ్యి. కడమ ఆరు దినాలు బడికియ్యి" అని నాయినను అడిగారు. నాయినకు నవ్వాగలేదు. "అయితే మా గొర్లకేం మిగిలె సారూ?"

"ఎండకాలం సెలవులు మస్తుగున్నయి."

నాయిన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వినాక కాదనలేకపోయాడు.

ఆ తర్వాత ఏ బడికి పోయినా, లెక్క వేసి పిల్లల్ని పంపించాక సారు ఒక్కరే బయటి మెట్టు మీద అరగంట కూర్చునేవారు. బండి పోతే పోయింది. కాళ్ల నొప్పులేమోనని ఒక హెడ్మాస్టరు కుర్చీ తెప్పిస్తే, దాని మీద ఛత్రి పెట్టి తను మెట్టు మీదే కూర్చున్నారు. "ఇంకొకరు రావాలె" అనేవారు. చాలా చోట్ల వచ్చారు కూడా. మీ పుణ్యాన పంతులమ్మనయ్యానని ఒకసారి అంటే, "పుణ్యం లేదు, గిణ్యం లేదు. బండి దొరకబట్టినవ్, గంతే" అని కసిరారు. ఆ కసురు వినడం కోసమే మళ్లీ మళ్లీ అనేదాన్ని.

ఆయన పోయాక వచ్చిన మొదటి ఆదివారం, తాండూరులో నేను నడిపే క్లాసుకు సెలవిద్దామనుకున్నాను. మనసొప్పలేదు. క్లాసులో చేరడానికి వచ్చిన కొత్త పిల్లలకు గొర్రెల లెక్కే వేసి, కింద నలభై అని రాశాను. ఎవరూ లేవలేదు. అందరినీ ఇళ్లకు పంపించి మెట్టు మీద కూర్చున్నాను. వికారాబాద్ బండి కూత వేసి వెళ్లిపోయింది. చాలాసేపటికి వెనక చిన్న అడుగుల చప్పుడు వినిపించింది.

"టీచరమ్మా..." అని ఒక ఆడపిల్ల గొంతు. రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది.

నేను మెట్టు మీద కొంచెం పక్కకు జరిగాను.