ముక్కాయన

పడవ దిగి ఆ పాత రేవులో కాలు పెట్టిన యాత్రికుడెవరైనా చివరికి గైడు చేతిలో పడాల్సిందే. రేవంతా ఆయన్ని ముక్కాయన అనేది. లైట్‌హౌస్ మెట్లెక్కించేవాడు. తుప్పు పట్టిన ఫిరంగుల పక్కన నిలబెట్టి ఫొటోలు తీసేవాడు. గిడ్డంగుల రాతి గోడలకు ఓడల తాళ్లు రాసుకుని పడిన గాట్లు చూపించేవాడు. పరాయి దేశపు నావికుల సమాధుల దగ్గర గొంతు తగ్గించి, ఉన్నవీ లేనివీ కలిపి చెప్పేవాడు. ఇవన్నీ ఏ గైడయినా చేస్తాడు. జనం ఈయన వెంటపడేది ఆ తర్వాతి తతంగం కోసం.

వలలు దించే చోట యాత్రికులు వేలు పెట్టి చూపించిన చేపను తీసి, మొప్ప ఎత్తి, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. "ఇది నిన్నటిదమ్మా, వద్దు. ఆ పక్కది తీసుకోండి" అనేవాడు. అమ్మేవాళ్లు లోపల తిట్టుకునేవాళ్లు గానీ, ఆ ముక్కు తప్పు చెప్పదని వాళ్లకీ తెలుసు. ఆ చేపను సందు చివర తన అక్క హోటలుకు తీసుకెళ్తే, ఆవిడ అందరి ఎదుటా కోసి, మిరియాలూ వెల్లుల్లీ పట్టించి పెనం మీద వేసేది. మొదటి ముక్క గైడు తిని తలూపేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టేవాళ్లు కాదు.

అక్కకు ఆ హోటలే బతుకు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచిందీ ఆవిడే.

ఒక వానాకాలం గైడుకు జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది, ముక్కు మాత్రం పనిచేయడం మానేసింది. పొయ్యి మీద పాలు మాడినా తెలిసేది కాదు. సబ్బూ కాఫీ పొడీ ఒకటే అయిపోయాయి. "వచ్చినప్పుడు వస్తుందిలే" అన్నాడు డాక్టరు. ముక్కాయనకు ముక్కే లేదని తెలిస్తే ఎవరు పిలుస్తారు? అక్క హోటలు మెట్లెవరు ఎక్కుతారు? అందుకని నోరు కుట్టేసుకున్నాడు. మొప్పల ఎరుపూ కంటి మెరుపూ చూసి నెట్టుకొచ్చాడు. కళ్లు మూసుకోవడం మాత్రం మానలేదు, యాత్రికులకు అదే ఇష్టం మరి. వింటే జాలేస్తుంది. కానీ పరాయివాళ్ల ప్రాణాలు అడ్డం పెట్టి దాచుకునే రహస్యం మీద ఎంతసేపని జాలిపడతాం?

ముసురు పట్టి వేట పడవలు సరిగ్గా కదలని వారంలో ఒక రిటైరైన టీచరమ్మ కూతురితో వచ్చింది. "సముద్రం చూడ్డం ఇదే మొదలు బాబూ. అన్నీ చూపించాలి, అన్నీ తినిపించాలి" అంది. లైట్‌హౌస్ సగం మెట్లు ఎక్కి ఆయాసపడి, చిన్నపిల్లలా నవ్వింది. రేవులో ఉన్నవాటిలో పెద్ద చేపను చూపించింది. అమ్మేవాడు మొప్పలకు తాజా నెత్తురు పూసి ఉంచాడు. గైడు కళ్లు మూసుకుని, "భేషుగ్గా ఉందమ్మా" అన్నాడు.

చేపను కోస్తూ అక్క ఆగింది. "ఒరేయ్, ఇలా రా. ఏదో వాసన వస్తోందిరా."

గైడు వెనక్కి తిరిగి చూశాడు. అవతల తల్లీ కూతుళ్లు వింటున్నారు. "జలుబన్నావుగా అక్కా, నీకేం తెలుస్తుంది? ఇప్పుడే వల్లోంచి తీసింది" అని నవ్వేశాడు.

అక్క ఇంకాస్త మిరియాలపొడి చల్లింది. గైడు మొదటి ముక్క తిని తలూపాడు. కూతురు కొంచెం కొరికి పక్కన పెట్టింది. టీచరమ్మ మాత్రం ముల్లు ముల్లూ చప్పరించి, "నీ చేతిలో అమృతముందమ్మా" అని అక్క చెయ్యి పట్టుకుంది.

సాయంత్రానికి ఆవిణ్ణి ఆస్పత్రిలో చేర్చారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. గైడుకూ కడుపు తిప్పింది, తట్టుకున్నాడు.

హోటలుకు సీలు వేశారు. స్టేషన్లో అక్క, "కొన్నదీ నేనే, వండిందీ నేనే సార్. మా తమ్ముడికేం సంబంధం లేదు" అని చెప్పింది. గుమ్మం అవతల నిలబడి గైడు ఆ మాటలు విన్నాడు. ఒక్క అడుగు లోపలికి వేస్తే సరిపోయేది. ఆ పెద్దమనిషి వెయ్యలేదు.

కేసు తేలేదాకా అక్కను ఇంటికి పంపించారు. దారిలో సీలు వేసిన తలుపు ముందు ఆవిడ ఆగిపోయింది.

"నీ ముక్కుకు అందనిది నాకేం అందుతుంది, అంతా నా భ్రమ అనుకున్నానురా. మరి ఆవిడెలా పోయింది? నా చేతుల్లోనే ఏదో పాపముందా?"

అప్పుడు కూలబడ్డాడు గైడు. "నాకు వాసన తెలియదక్కా. ఆ జ్వరం నుంచీ."

అక్క తన చేతుల్ని చూసుకుంది. "అంటే నాకు వచ్చింది నిజం వాసనే" అంది. "నాకైనా చెప్పలేకపోయావట్రా?"

తమ్ముడితో ఆవిడ ఆడిన ఆఖరి మాట అది.

ఎండలు వచ్చాయి, పడవలు తిరిగాయి, గైడు మళ్లీ యాత్రికుల్ని వెంటేసుకుని రేవుకొచ్చాడు. వంటకు ఇప్పుడు వేరే హోటలు. చేప అందుకుని మొప్ప ఎత్తబోతుంటే ఒక చెయ్యి దాన్ని లాక్కుంది. అక్క! వాసన చూసి గంపలో పడేసింది. ఇంకోటి తీసి చూసి అతని చేతిలో పెట్టి, మొహమైనా చూడకుండా వెళ్లిపోయింది. మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత రాని రోజు లేదు.

ఒకరోజు ఒక యాత్రికురాలు అడిగింది: "ఎవరండీ ఈవిడ?"

గైడు నోరు తెరిచేలోపే అక్క జవాబిచ్చింది.

"నేనెవర్నీ కాదమ్మా. చేప బావుంది, భయం లేకుండా తినండి."