తొమ్మిదో గొయ్యి

దారి కలిసొస్తుందన్న ఆశతో అడ్డంగా పడి నడవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. దాని పుణ్యమా అని ఎన్నో ఊళ్ళు చూశాను గానీ ఏ ఊరికీ వేళకు చేరలేదు. ఆ రోజూ అంతే. రోడ్డు చుట్టూ తిరిగి పోతోందని బీడులోకి దిగాను. దారిలో ఓ చిన్న పల్లం తప్ప, కనుచూపు మేర గడ్డి ఎండి ఉంది. ఒక్కచోట మాత్రం, ముళ్ళకంచె లోపల, మోకాలెత్తు పచ్చిక. కంచెకు ఓ సందు కూడా ఉంది. ఇంకేం కావాలి? లోపలికి పోయి చతికిలబడి తిండి పొట్లం విప్పాను.

"పెద్దాయనా, తినకండి. ముందు లేచి బయటికి రండి."

యాభై దాటిన ఆడమనిషి. నెత్తిన ముళ్ళకంప మోపు, చేతిలో కొడవలి. స్టేషను బెంచీల మీంచి, లైబ్రరీ మెట్ల మీంచి, ఒకసారి ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళి పంక్తిలోంచి నన్ను లేపారు గానీ, గడ్డి మీంచి లేపడం ఇదే మొదలు. ఆ మాటే అన్నాను. ఆమె నవ్వలేదు. మోపు దించి, డబ్బాలో నీళ్ళు వంచి, సబ్బు ముక్క ఇచ్చి చేతులూ కాళ్ళూ కడిగించింది. చెప్పులు కూడా కడగమంది.

"మీరు కూర్చున్నది ఎనిమిది గొర్రెల మీద," అంది అప్పుడు.

ఊళ్ళో ఆమెను ముళ్ళ వదిన అంటారట. విసుగ్గా అనేవాళ్ళూ ఉన్నారు, చనువుగా అనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ ఒకేలా పలుకుతుంది. పెళ్ళికి ముందు కుట్టు మిషను పని. గొర్రెకు పళ్ళు ఏ దవడకుంటాయో తెలియకుండానే కాపరుల ఇంటికి కోడలయింది. ఇప్పుడు ఇరవై రెండు గొర్రెలను ఒంటిచేత్తో మేపుతోంది. భర్త లారీ మీద వెళ్ళిపోయాడు, నెలకోసారి వస్తాడు. ఎందుకు వెళ్ళాడని అడిగితే, ఆ ఎనిమిది గొర్రెల సంగతే చెప్పింది.

ఏడేళ్ళ కిందట, తొలివాన పడ్డ మర్నాడు, పొద్దెక్కే లోపల తొమ్మిది గొర్రెలు ఇక్కడే ఒరిగిపోయాయి. పొట్టలు ఉబ్బి, ముక్కుల్లోంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు. కాపరులకు ఒక అలవాటుంది. చచ్చిన గొర్రె పొట్ట కోసి, ఏ పాడు ఆకు తిందో చూస్తారు. తాతలనాటి పద్ధతి, చాలాసార్లు మందలను కాపాడిన పద్ధతి కూడా. అయితే ఆ రోజు వచ్చింది దొమ్మరోగం, ఆంత్రాక్స్ అంటారే, అది. సాయంత్రం పశువుల డాక్టరు వచ్చి, ఈ రోగంతో చచ్చినదానికి కత్తి పెట్టినవాడు ఊరి మందలన్నిటినీ చంపినట్టేనని అందరి మీదా అరిచాడు. కోస్తే లోపలి విషానికి గాలి తగిలి, గింజలా గట్టిపడి, మట్టిలో పదుల ఏళ్ళు కాచుకుని ఉంటుందట. చరిత్ర పుస్తకాలు చాలానే తిరగేశాను. రాజుల పగలు కూడా అన్నాళ్ళు నిలవలేదు. కోయొద్దు, ఈడ్చొద్దు, పడ్డచోటే లోతుగా తవ్వి సున్నం పోసి పూడ్చండి, చుట్టూ కంచె వేయండి అని చెప్పి పోయాడు.

ఎనిమిదింటిని అలాగే పూడ్చారు. తొమ్మిదోదాన్ని నక్కలు ఈడ్చుకుపోయాయని ఆమె బావగారు, అంటే భర్త అన్నగారు, చెప్పాడు. అందరూ నమ్మారు. భర్తకు గొర్రెలంటేనే మనసు విరిగిపోయింది. డాక్టరు బదిలీ అయ్యాడు. పాతిన బోర్డు చెదలు తినేసింది. పూడ్చిన చోటే గడ్డి బాగా ఎదుగుతుంది కాబట్టి అందరి కళ్ళూ దానిమీదే. కంచెలోని కంప కూడా ఎవరో ఒకరు పొయ్యిలోకి లాక్కుపోతూనే ఉంటారు. ఆమె ఏటా కొత్త కంప తెచ్చి మూస్తూనే ఉంది.

కానీ పోయిన వారం ఆమె గొర్రె ఒకటి చచ్చిపోయింది, కంచెకు ముప్ఫై అడుగుల బయట. అదే నల్లటి నెత్తురు. ఎవరినీ ముట్టనివ్వకుండా తనే గొయ్యి తవ్వి పూడ్చింది. టీకాలు గురువారం వస్తాయట, వేశాక పట్టుకోవడానికి మరో రెండు వారాలు. ఈలోగా ఏ నేల మంచిదో ఏది కాదో తెలియకపోతే తన మందే కాదు, ఊళ్ళో ఒక్క మందా మిగలదు. లోపల ఉన్న చావు బయటికి ఎలా వచ్చింది? వారం నుంచీ ఆమెకు అదొక్కటే ఆలోచన.

ఇద్దరం కలిసి సందు మూశాం. కొమ్మ మీద కొమ్మ, అంచు మీద అంచు వేసి కుట్టినట్టే పేర్చింది. మోపులో సగం మిగిలింది. మళ్ళీ చేతులు కడుక్కోమని సబ్బు ఇస్తుండగా బావగారు మందతో వచ్చాడు. మంట పుట్టే ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా.

"ఏమ్మా, కొత్త కూలీని పెట్టావా? కాస్త వయసు చూసి పెట్టాల్సింది," అన్నాడు నన్ను చూసి.

"మందను అక్కడే ఆపండి బావగారూ. ఆ రోజు నక్కలు ఏ వైపు ఈడ్చుకుపోయాయి?"

ఆయన కర్రతో రోడ్డు వైపు చూపించాడు.

"మొన్న గుట్ట వైపన్నారు."

"ఏడేళ్ళ కిందటి నక్క. నాకు చెప్పి వెళ్ళిందా?"

"మీ చేతికి గుచ్చుకున్నది ముల్లు కాదు."

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. ఏడేళ్ళ కిందట, ఆ గొర్రెలు చచ్చిన వారమే ఆయన చెయ్యి వాచి, మధ్యలో నల్లటి పెచ్చు కట్టి, పట్నం ఆసుపత్రిలో పది రోజులున్నాడు. ముల్లన్నాడు, సరేననుకున్నారు. పశువుల డాక్టరు అప్పట్లో ఇచ్చిన కాగితం మిషను సొరుగులో ఉంటే మొన్న తీసి చదివింది. మనిషికి సోకితే నొప్పి లేని పుండు, నడుమ నలుపు అని ఉంది.

"ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది. మీరు నొప్పే లేదన్నారు. ఆసుపత్రికి క్యారేజీ తెచ్చింది నేనే, నాకు గుర్తుంది."

"నలుగురిలో పెడతావా?"

"పెట్టను. చోటు చూపించండి, చాలు. మీ మంద కూడా ఇక్కడే మేస్తోంది."

ఆయన మేస్తున్న తన గొర్రెల వైపు చూశాడు.

"ఏదో ఆకు తిందనుకున్నాను," అన్నాడు చివరికి. "అంతేనమ్మా. కోశాక డాక్టరు వచ్చి అలా అరిచేసరికి, చెప్పడానికి భయమేసి రాత్రికి రాత్రే పూడ్చేశాను."

చెయ్యి ఎత్తాడు. చొక్కా జారి, మోచేతి కింద గుంటపడ్డ మచ్చ కనిపించింది. ఆ చెయ్యి ఆమె పోయిన వారం తవ్విన గోతికి అవతల, నేల కాస్త పల్లంగా ఉన్న చోటును చూపించింది. అక్కడ మంచమంత మేర గడ్డి పచ్చగా ఉంది. వచ్చేటప్పుడు నీటి చెమ్మ కాబోలనుకుని దాని మీంచే నడిచాను.

ఆమె తిట్టలేదు. మెచ్చుకోలేదు. మిగిలిన మోపు తనే నెత్తికెత్తుకుని అటు నడిచింది. బావగారు మందను వెనక్కి అదిలించి, ఎటు పోవాలో తోచనట్టు నిలబడ్డాడు. సబ్బు ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. పిలిచాను. ఆమె అప్పటికే ఆ పచ్చిక చుట్టూ కంచెకు అడుగులు కొలుస్తోంది, వెనక్కి చూడలేదు.