ఓడీల్‌కి దక్కని డియర్

ఓడీల్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉత్తరపు కొసన, ఫ్రెంచి మాట్లాడే బంగాళాదుంప రైతుల ఇంట పుట్టింది. ఇంగ్లిషు మాత్రం బళ్లోనే నేర్చుకుంది. డియర్ అన్న మాట ఉత్తరాల మొదట్లో రాస్తారని అక్కడే తెలిసింది. కొట్లో ఏ మంచి కోటు ముట్టుకున్నా మేనత్త "బాబోయ్, చాలా డియర్, పెట్టెయ్" అనేది, ఖరీదెక్కువని. ప్రేమించుకున్నవాళ్లు కూడా ఆ మాట అనుకుంటారని మాత్రం వినికిడి. పెళ్లయ్యాక తన మొగుడూ తనని అలా పిలుస్తాడని ముచ్చటపడింది.

మొగుడు లిండన్ దక్షిణాన టార్బెల్ రేవులో లాబ్‌స్టర్లు పట్టేవాడు. మంచివాడే గాని మితభాషి. కాపురానికొచ్చిన కొత్తల్లో భార్యని గ్లెనిస్ హోటలుకి తీసుకెళ్లాడు. గ్లెనిస్ భర్త పోయిన మనిషి. ఎర్రజుట్టు, ఒత్తయిన కనుబొమలు, నవ్విందంటే రేవంతా వినపడాల్సిందే.

"ఏం డియర్, చేపల సూపేనా?" అంది లిండన్‌తో.

"అదే డియర్. రొట్టె కాస్త ఎక్కువెయ్యి."

ఓడీల్ చెంచా కింద పెట్టేసింది. ఆ రోజు నుంచీ కడుపులో కుంపటి రాజుకుంది. మొగుడు గడ్డం గీసుకుంటే ఎవరికోసమని అనుమానం. చొక్కా ఉతకబోతూ వాసన చూసేది. చేపల కంపు తప్ప ఏమీ తగిలేది కాదు, అయినా మర్నాడు మళ్లీ చూసేది.

ఒకరోజు భోజనం డబ్బా ఇవ్వడానికి రేవుకి వెళ్తే, లిండన్ పక్క పడవలోని ముసలి హైరమ్‌కి కేకేస్తున్నాడు. "ఆ తాడు ఇటు విసురు డియర్!" హైరమ్ గడ్డం బొడ్డుదాకా ఉంటుంది. తపాలా ఆఫీసావిడా డియరే, డీజిలు పోసేవాడూ డియరే. ఇది ఊరి అలవాటని అర్థమై ఓడీల్ మనసు కుదుటపడాలి. పడలేదు సరికదా, మంట రెట్టింపైంది. ఊరందరికీ పంచిన మాట తనకి మాత్రం రాలేదు.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ అడిగేసింది.

"నన్ను ఒక్కసారైనా డియర్ అన్నావా నువ్వు?"

లిండన్ తెల్లబోయాడు. "అది ఎవర్నైనా అనేదేగా!"

"ఎవర్నైనా అంటావు. నేనే పనికిరాలేదు."

అతను తువ్వాలుతో చేతులు మరీమరీ తుడుచుకుని, గొంతు సవరించుకుని, "డియర్" అన్నాడు. అచ్చం సూపు అడిగినట్టే ఉంది.

"వద్దులే బాబూ. ఇంకెప్పుడూ అనకు" అని పక్క గదిలోకి వెళ్లి ఏడ్చింది.

శీతాకాలంలో గ్లెనిస్ మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. హోటలు చూసుకోమని ఓడీల్‌కి కబురు పెట్టింది. తన మొగుణ్ణి అంతగా రప్పించే ఆ చోటేమిటో చూద్దామనే ఓడీల్ ఒప్పుకుంది.

మొదట్లో ఎవరినీ డియర్ అనలేకపోయింది. "ఏమ్మా, నామీద కోపమా? పేరుపెట్టి పిలుస్తున్నావు" అని హైరమ్ నొచ్చుకున్నాడు. క్రమంగా నాలుక తిరిగింది. గొడవపడేవాళ్లని పళ్లు బిగించి "చూడండి డియర్" అంటే నోళ్లు మూసేవాళ్లు. కప్పు పగిలితే అయ్యో అనడానికీ "ఓ డియర్!" భార్య పోయిన వారానికే ఒంటరిగా వచ్చి కూర్చున్న పెద్దాయనతో ఇంకేం చెప్పాలో తెలియక, భుజం తట్టి ఆ ఒక్క మాటే అంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఒక మధ్యాహ్నం చేపల లారీ నడిపే అందగాడితో "ఇంకాస్త కాఫీ పొయ్యనా డియర్?" అంటోంది. లిండన్ గుమ్మంలో నిలబడిపోయాడు. మూల బల్ల దగ్గర కూర్చుని సూపు కెలికాడు గాని తినలేదు. లారీ కదిలి వెళ్లాక అన్నాడు, "వాడికి చేతుల్లేవా? కాఫీ పోసుకోలేడా?"

ఓడీల్ పడీపడీ నవ్వింది. ఆ ఊరొచ్చాక అంత హాయిగా నవ్వడం అదే మొదలు. లిండన్ చెవులు ఎర్రబడ్డాయి.

గ్లెనిస్ కోలుకున్నా ఓడీల్ పని మానలేదు. ఇద్దరూ కలిసి ఏళ్లకేళ్లు ఆ హోటలు నడిపారు. స్నేహం కుదిరింది. అయినా లిండన్ వచ్చిన రోజున సూపు గిన్నె గ్లెనిస్ చేతిలో ఉంటే, ఓడీల్ అందుకుని తానే తీసుకెళ్లేది. గ్లెనిస్ ఒత్తయిన కనుబొమలెత్తి, "తీసుకెళ్లు తల్లీ, నేనేం కొరుక్కుతినను" అనేది.