ప్రమీల పెట్టిన అతుకు

ఆనందయ్యకు జమ్మలమడుగులో మోటారు వైండింగ్ కొట్టు ఉండేది. 1998లో ఆ కొట్టు ముందరే ఫ్యాక్షన్ హత్య జరిగింది. ఆ పూట ఆయన పులివెందుల దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోటలో బోరు మోటారు బిగిస్తున్నాడు. అయినా తాము చెప్పిన పేర్లవాళ్లే చంపడం చూశానని సాక్ష్యం చెప్పమని చనిపోయినవాడి పార్టీ మనుషులు వచ్చి కూర్చున్నారు.

"చూడంది చూసినానని యెట్ల చెప్పల్లప్పా?" అన్నాడాయన. వారం తిరక్కుండా కొట్టు తగలబెట్టారు. ఆయన పులివెందులకు మారిపోయాడు.

కూతురు ప్రమీల అప్పుడు గుజరాత్‌లో ఒక పరిశోధనశాలలో తాత్కాలిక ఇంజనీరు. సూర్యుడిలో పుట్టినట్టు శక్తి పుట్టించే ఫ్యూజన్ రియాక్టరుకు పెద్ద అయస్కాంతాలు కావాలి. వాటికి చుట్టే కేబుళ్లను పరీక్షించడం ఆమె పని. ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిస్తే ఆ కేబులు కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిస్తుంది. ఎన్ని ఆంపియర్ల దాకా అట్లా నిలుస్తుందో చూడాలి.

పదివేలు మొయ్యాల్సిన మూడో నమూనా ఏడువేల నాలుగువందల దగ్గరే వేడెక్కిపోయింది. హీలియం బుస్సున ఆవిరైంది. మళ్లీ చేసినా అంతే.

"మీటరు తప్పయి ఉంటుంది. ఈ అంకె వదిలేసి రిపోర్టు రాయండి. వచ్చే నెల మీ పర్మనెంటు ఫైలు నా దగ్గరికే వస్తుంది," అన్నాడు పై అధికారి.

ఆ సాయంత్రం ఆమె తండ్రికి ఫోన్ చేసింది. "నాయనా, ఆ పొద్దు ఊ అనింటే కొట్టు మిగిలేది గదా. బాధ లేదా?"

"ల్యాకేం మ్మా, శానా ఉంది. అయితే నా మాటతో ఏ పాపం తెలీనోడు జైల్లో కూకోనుంటే, నాకు కూడు దిగేదా?"

మర్నాడు ఆమె గ్రాఫులన్నీ ముందేసుకుంది. వోల్టేజి మొదట పెరిగింది కేబులులో కాదు, చివరన దాన్ని కరెంటిచ్చే తీగకు కలిపే అతుకు దగ్గర. ఆ అతుకు పెట్టింది తనే. అయినా లేచి అధికారి గదికి వెళ్లింది.

"సార్, తప్పు మీటరుది కాదు, కేబులుదీ కాదు. నాది."

అతుకు కోసి చూస్తే లోపల కరిగించి పోసిన టంకం సగం దాకానే పాకింది. కొత్తగా అతికించి పరీక్షించడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. కేబులు పదివేలు దాటి నిలిచింది. ప్రమీల ఉద్యోగం మాత్రం ఇంకో ఏడాదికి గాని ఖాయం కాలేదు.

తర్వాత కూతుర్ని చూడ్డానికి వచ్చిన ఆనందయ్య, ఆమె దాచుకున్న ఆ పాత అతుకు ముక్కను వెలుతురుకు తిప్పి చూశాడు.

"దీనికి వేడి చాల్లేదు మ్మా," అన్నాడు.