మారు వడ్డన

మా ఇంట్లో మగవాడు మారు వేయించుకోకుండా కంచం ముందు నుంచి లేవకూడదు. మారు అంటే రెండోసారి వడ్డన. ఒక్కసారి వడ్డించే అన్నం చచ్చినవాళ్లకు పెట్టేదని మా నాన్న నమ్మకం. కడుపు నిండినా సరే, ఇంకో ముద్ద పడాల్సిందే. ఒకసారి గిన్నెలో మారుకు అన్నం మిగల్లేదని ఆయన అమ్మను జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. చూస్తున్న నాకు నాన్న మీద కోపం రాలేదు. అమ్మ ఇంకాసిని బియ్యం ఎక్కువ పోసి ఉండొచ్చు కదా అనిపించింది. అలాంటి బుర్ర నాది.

పెళ్లయ్యాక నా మారు ముద్దతో ఆగలేదు. మొదటి వడ్డన ఎంతో రెండోదీ అంతే, పైన గోంగూర, నెయ్యి. ఎనభైల్లో మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో మేస్త్రీగా ఉండగా వంద కిలోలు దాటాను. రాయి ముట్టుకునేవాణ్ని కాదు. కూలీల మీద అరిచేవాణ్ని, అరిస్తే వినకపోతే కొట్టేవాణ్ని. ఒక మధ్యాహ్నం క్వారీ గుంతలోంచి పైకి ఎక్కుతూ ఊపిరాడక బోర్లా పడ్డాను. నరసరావుపేటలో డాక్టరు నన్ను బరువు మిషను ఎక్కించి, నా భార్యతో మాట్లాడాడు.

"అన్నం సగానికి తగ్గించమ్మా. ఇట్టాగే తింటే రెండేళ్లు కూడా బతకడు."

ఆమె బస్సులో దారంతా ఏడ్చింది. ఇక మారు అడగనని ఒట్టేశాను. ఐదు రోజులు నిలబడ్డాను. ఆరో రోజు ఒక కూలీని కొట్టి, ఆ కోపంతోనే ఇంటికొచ్చాను. పెట్టింది తిన్నాను. ఆకలి తీరిందని నాకు తెలుసు. అయినా కంచం ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

"మారు వెయ్యి," అన్నాను.

"వెయ్యనయ్యా. డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు గదా."

"ఏంది, చచ్చినోడికి పెట్టినట్టు పెడతన్నావా నాకు?"

ఆమె గిన్నె మీద మూత పెట్టింది. కంచు కంచం ఎత్తి విసిరాను. అంచు ఆమె కనుబొమ్మ పైన తగిలింది, నెత్తురు చెంప మీదుగా జాకెట్టు మీదికి కారింది. నేను గిన్నె దగ్గరికి వెళ్లి, మూత తీసి, మిగిలిందంతా తిన్నాను. ఈ మాట రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆమె నుదుటికి కుట్లు వేయించుకుని కారంపూడిలో పుట్టింటికి వెళ్లిపోయింది. మూడో రోజు ఆమె అన్న క్వారీకే వచ్చాడు. అక్కడ పడున్న సుత్తి కర్ర తీసుకుని అందరి ముందూ నా మోకాళ్ల మీద కొట్టాడు.

"నీ కడుపు నిండాలంటే మా చెల్లెలి నెత్తురు కావాలా బావా?"

కింద పడ్డాక కూడా కొట్టాడు. ఎవరూ అడ్డం రాలేదు. నా చేతి దెబ్బలు తిన్నవాళ్లే వాళ్లంతా.

నెల తర్వాత ఆమె తిరిగొచ్చి, గడప బయటే నిలబడి చెప్పింది.

"వండుతా. వడ్డించను. నీకు కావాల్సింది నువ్వే పెట్టుకో."

గరిటె నా చేతికి వచ్చాక తిట్టడానికి ఎదురుగా ఎవరూ మిగల్లేదు. మారు అడుగుతున్నది నా కడుపు కాదు, మా నాన్న అని అప్పుడు అర్థమైంది. ఆయన్ని ఒక్కసారిగా కాదనే ధైర్యం లేక ఒక మోసం చేశాను. డాక్టరు చెప్పిన సగాన్నే రెండు భాగాలు చేసి, రెండోదాన్ని మారు అనుకుని వేసుకున్నాను. బుర్ర నమ్మింది. ఏడాదికి పాతిక కిలోలు తగ్గాను. క్వారీ గుంత ఆగకుండా ఎక్కుతున్నాను. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మనిషిని మారానని గర్వంగా ఉండేది.

ఒకరోజు మొదటి భాగానికే చాలనిపించింది. బుద్ధెరిగాక మొదటిసారి, ఏ ఒట్టూ లేకుండానే మారు వద్దనుకుని లేస్తున్నాను. ఆమెకు చెబుదామని సంబరంగా కంచం పక్కకు నెట్టాను. అది గచ్చు మీద ఖంగుమంది.

పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చున్న ఆమె రెండు చేతులతో తల కప్పుకుంది.

"ఏం లేదే. కడుపు నిండింది," అన్నాను.

చేతులు తియ్యకుండానే అడిగింది.

"మారు వెయ్యనా?"